తొట్టిలో పడ్డ దొర

ఈ ప్రయాణం గురించి అడిగినవాళ్ళందరికీ సగమే చెప్పాను, నవ్వొచ్చే సగం. హైదరాబాదులో మా గల్లీ మొదట్లో ఉన్న చాయ్ హోటల్లో ఆ సగానికి మంచి గిరాకీ. చెప్పించుకున్నవాళ్ళే చాయ్ కూడా తాగించారు. మిగతా సగం ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. పాలమూరు, నల్లగొండ జిల్లాలు ఎన్నడూ చూడనివాళ్ళ కోసం మొత్తం రాద్దామని ఇప్పుడు కూర్చున్నాను. మధ్యలో ఎక్కడైనా నేను మంచివాడిలా కనిపిస్తే అది నా రాత గొప్పే అనుకోండి.

నేను పనిలేని పంతుల్ని. చదువు చెప్పే బడి మూతపడి అప్పటికి ఆరు నెలలు. మా పక్కింటి కాసిం సాబు ఊరూరా తిరిగి తెర మీద సినిమా బొమ్మలు ఆడించేవాడు. పట్నంలో మాట్లాడే బొమ్మలు వచ్చాక మూగబొమ్మల రీళ్ళు అగ్గువకు దొరకసాగాయి. ఆయన చేత్తో తిప్పే మిషను, ఒక గ్యాసు దీపం, నాలుగు రేకు డబ్బాల అమెరికా నవ్వుల బొమ్మ కొన్నాడు. మూగబొమ్మకు పక్కన నిలబడి కథ చెప్పే మనిషి కావాలి. ఇదివరకు తనే చెప్పేవాడు కాని, గ్యాసు పొగకు గొంతు పోయింది. గట్టిగా మాట్లాడబోతే తుస్సుమనే గాలి తప్ప ఏమీ రాదు. నా గొంతు సంగతి గల్లీ అంతటికీ తెలుసు. "వీడు గుసగుస పెడితే పక్కూరోళ్ళు లేస్తరు" అనేది మా అవ్వ. దసరా వెళ్ళిన నాలుగో నాడు మిషనుతోపాటు నన్నూ వెంటబెట్టుకుని ఆయన జడ్చర్ల రైలెక్కాడు.

జడ్చర్ల

సీతాఫలాల కాలం. స్టేషను బయట గంపలు గంపలు పోసి అమ్ముతున్నారు. ఒక దుడ్డు చేతిలో పెడితే గంప ముందు కూర్చున్నామె లెక్క చూడకుండా నా కండువా నింపింది. పట్నంలో ఒక్కొక్క కాయను అద్దంలా తుడిచి అమ్ముతారు. ఇక్కడ పగిలినవి ఆవులు తింటున్నాయి. నేను పన్నెండు తిన్నాను. ఆ రాత్రి పడ్డ అవస్థ ఇక్కడ రాయను.

బొమ్మ సంగతి చెప్పాలి. అమెరికాలో పశువులు కాచే ఒక పొట్టివాడు. తలకన్నా టోపీ పెద్దది. నడుముకు రెండు తుపాకులు, ఒక్కటీ పేలదు. గుర్రమెక్కబోతే అవతలివైపు పడతాడు. లేచి మళ్ళీ ఎక్కితే తోకవైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. వాడి యజమాని నిలువెత్తు మనిషి, మీసాలవాడు. జీను, పెట్టె, కుర్చీ అన్నీ పొట్టివాడి నెత్తిన ఎక్కించి వెనకనుంచి తంతాడు. మీగడ పూసిన రొట్టెలు ముఖాన కొట్టుకునే చోటు ఒకటుంది. అమెరికావాళ్ళు అక్కడే ఎక్కువ నవ్వుతారట. మనవాళ్ళు మాత్రం "అయ్యో, తినేది గట్ల పారేస్తరా" అని నొచ్చుకున్నారు. చివరికి యజమాని తెల్లబట్టలు తొడుక్కుని పెళ్ళికి బయల్దేరి, గుర్రాలు నీళ్ళు తాగే తొట్టిలో వెల్లకిలా పడతాడు. లేచి మళ్ళీ పడతాడు. మూడోసారి పొట్టివాడు చెయ్యి అందిస్తాడు కాని, ఆ చేతికి సబ్బు ఉంటుంది.

పల్లికాయ రాశుల పక్కన డేరా కట్టాం. తెరకు బట్టే. ఆట మొదలుపెట్టే ముందు దాన్ని నీళ్ళతో తడుపుతారు. తడిస్తే బొమ్మ అవతలికి కూడా దిగుతుంది. ముందు కూర్చున్నవాళ్ళకు అణా టికెట్టు, తెర వెనక కూర్చున్నవాళ్ళకు అందులో సగం. వెనకవాళ్ళకు అంతా తిరగేసి కనిపిస్తుంది. పొట్టివాడు ఎడమచేత్తో తుపాకి తీస్తాడు. ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది టికెట్టు ఒక్కటే తేల్చదు. ఊరవతల గూడెంవాళ్ళు అణా ఇచ్చినా వెనకే కూర్చుంటారు. పట్నంలో ఈ ఏర్పాటు నేను చూడలేదు. చూడలేదు కాబట్టి తప్పనిపించింది, రెండో ఊరికి అలవాటైపోయింది.

యజమానిని నేను 'దొర' అన్నాను. ఇంకేమంటాం? పొట్టివాడు ఆ దొర బూటు పట్టుకుని ముఖం నేలకు ఆనించే చోట నాకు అప్పటికప్పుడు ఒక ఊహ వచ్చింది. గొంతు వణికించి, నీ బానిసనని ఇక్కడివాళ్ళు దొరల ముందు అనే మాటే, "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త!" అన్నాను. డేరా ఎగిరిపోయింది. ముందున్న వర్తకులు తొడలు చరుచుకున్నారు. తెర వెనకనుంచీ నవ్వు వచ్చింది, ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యం నేను విన్నాను, పట్టించుకోలేదు. అప్పటి నా ఆనందం అలాంటిది.

ఆట అయ్యాక తెర వెనకనుంచి ఒక ముసలామె వచ్చి దూరంగా నిలబడింది.

"ఏం పంతులూ, గా సీమల సుత దొరలుంటరా?"

"ఉంటారమ్మా."

"ఉండి, గట్ల తొట్ల పడ్తరా?"

"పడతారు."

ఆమె కొంగుతో నోరు తుడుచుకుని, "మంచి సీమ" అని వెళ్ళిపోయింది.

దేవరకొండ

ఎడ్లబండి మీద కల్వకుర్తి దాటి దేవరకొండ చేరాం. బండలు, బండల మధ్య జొన్న, మళ్ళీ బండలు. వరి అన్నం పండగకే. మాకు బస ఇచ్చిన రైతు ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు, పచ్చి పులుసు పెట్టారు. రొట్టె రెండు చేతుల మధ్య చరుస్తూ ఆ ఇల్లాలు నన్ను చూసి, "అన్నం తినే పానం గద, గీ రొట్టెకు దవడలు నొస్తయా?" అని ఎకసెక్కమాడింది. నొచ్చాయి. నాలుగు తిన్నాను.

మా బొమ్మ కీర్తి మాకన్నా ముందు వచ్చింది. జడ్చర్లలో చూసినవాళ్ళు సంతకు వచ్చి చెప్పారట. "తొట్ల పడుడు బొమ్మ" అని పేరు కూడా వాళ్ళే పెట్టారు. దొర పడగానే, "మళ్ళ! మళ్ళ జూపెట్టు!" అని కేకలు. కాసిం సాబు మిషను వెనక్కి తిప్పాడు. దొర తొట్టిలోంచి ఎగిరి, చుక్క తడిలేకుండా ఒడ్డున నిలబడ్డాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు, పడ్డాడు. అలా ఏడుసార్లు. పొట్టివాడు పడితే అందరూ నవ్వుతారు. దొర పడితే నవ్వుతూ పక్కవాడి ముఖం చూస్తారు, వాడూ నవ్వుతున్నాడా అని. నవ్వుతుంటే ఇంకా గట్టిగా నవ్వుతారు. బొమ్మకు ఇంత గిరాకీ ఎందుకని ఎవరన్నా అడిగితే నేను చూసింది ఇదీ.

హుజూర్‌నగర్

కృష్ణ దగ్గరపడేకొద్దీ నేల పచ్చబడింది. చాలా రోజులకు వరి అన్నం, గోంగూర, గడ్డపెరుగు. సిగ్గు విడిచి తిన్నాను. మాటలో కూడా అక్కడక్కడ 'అండీ'లు వినిపించాయి. నది అవతల ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, ఆ గాలి ఇటూ తగులుతుంది.

ఆట అయ్యాక ధాన్యం వర్తకుడు ఒకాయన కాసిం సాబును పక్కకు పిలిచాడు. "బొమ్మ మంచిగుంది సాబూ. కని మోత్కూర్ దిక్కు గడీలున్నయి. ఆడ దొరను తొట్ల పడేస్తే మిమ్ములనే బాయిల పడేస్తరు" అన్నాడు. గడి అంటే ఆ వైపు దొరల కోట లాంటి ఇల్లు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ ఇంటి మాట మీద నడుస్తాయి.

ఆ రోజు కాసిం సాబు ఒక కట్టుబాటు పెట్టాడు. గడి ఉన్న ఊళ్ళో మీసాలవాడు దొర కాదు, దొంగల నాయకుడు. 'బాంచెన్' మాట బంద్.

"ఉప్పు తీసేసినట్టే ఉంటుంది సాబూ" అన్నాను, నా గొప్ప ఊహ పోతోందని.

"ఉప్పు లేకుంటే బతుకొచ్చు పంతులూ, తల్కాయ లేకుంటే బతుకుతమా?" అన్నాడు.

ఇరుసు విరిగిన చోట

సూర్యాపేట దాటి మోత్కూర్ దారి పట్టాక ఒక వాగులో మా బండి ఇరుసు విరిగింది. నేను దూకబోయి, బట్టలతో సహా నీళ్ళలో కూర్చున్నాను. కాసిం సాబు గొంతులేని నవ్వు చాలాసేపు నవ్వాడు. బండివాడు ఇరుసు కోసం వెనక్కి వెళ్ళాడు. మేం డబ్బాల మీద కూర్చుని ఉంటే దగ్గరి ఊరి పటేలు మనిషి వచ్చాడు. కాసిం సాబు దగ్గర ఆట ఆడించుకోవడానికి సర్కారు ఇచ్చిన ఉర్దూ పరవానా ఉంది, కింద గుండ్రని ముద్ర. ఆ ముద్ర చూసి అతను నమస్కారం పెట్టి, రాత్రి ఆట తమ ఊరి గడిలోనే అన్నాడు. గంటలో ముగ్గురు మనుషులు వచ్చారు, సామాను మొయ్యడానికి.

ఇది అక్కడి ఆచారం. ముద్ర ఉన్న కాయితంతో ఎవరు వచ్చినా వాళ్ళ సామాను ఊరివాళ్ళు వెట్టికి మొయ్యాలి, అంటే కూలి లేకుండా. తమ పొలిమేర దాటించి, పక్క ఊరివాళ్ళకు అప్పజెప్పి రావాలి. మేం సర్కారువాళ్ళం కాదు, పొట్టకోసం బొమ్మలాడించేవాళ్ళం. ఆ మాట చెప్పాల్సింది. కాసిం సాబు నా ముఖం చూశాడు, నేను ఆయన ముఖం చూశాను, మిషను చాలా బరువు.

మిషను పెట్టె ఎత్తుకున్నతని పేరు ఎల్లయ్య. ముప్పై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, మెడ మాత్రం గట్టిది. తలమీద బట్ట చుట్టుకుని పెట్టె పెట్టించుకుని నడుస్తుంటే చేతులు కూడా పట్టుకోడు. నేను పక్కన నడిచాను. తడిసిన పంచె చూసి నవ్వాపుకుంటున్నాడని తెలిసి, నవ్వమన్నాను. నవ్వాడు. లోపలినుంచి దగ్గులా మొదలై చివర కూతలా సాగే నవ్వు. ఒకసారి వింటే మరిచిపోలేం. అది మళ్ళీ వినాలని నేను బొమ్మ కథంతా చెప్పాను. నెత్తిన బరువుతో పొట్టివాడు ఎలా తూలుతాడో చేసి చూపించాను. దొర తొట్టిలో పడడం చెప్పేసరికి ఎల్లయ్య పెట్టెతో సహా నిలబడిపోయాడు.

"దొర? నిజంగ దొరేనా అయ్యా?"

"దొరే. మీసాల దొర. ఇవ్వాళ చూడు, నవ్వకపోతే నన్నడుగు."

మీ ఊళ్ళో మాత్రం అతన్ని దొంగ అంటానని చెప్పలేదు. చెబితే కథ చప్పబడిపోతుందనుకున్నాను.

కొంతదూరం పోయాక అతను గొంతు తగ్గించాడు. "అయ్యా, ఒక్క మాట. నా ఇంటిది లచ్చమ్మ నీళ్ళాడి పదకొండొద్దులైంది. గడిల వడ్లు దంచనీకి ఎల్లుండి సంది రమ్మని కబురంపిండ్రు. పోయిన కాన్పుకు గిట్లనే తొమ్మిదో నాడు పిలిస్తే పిల్లను ఇంట్ల ఇడిసి పోయింది. పొద్దుందాక పాలు లేక పిల్ల దక్కలె. ఇప్పుడు పిలగాడు. ఒక్క నెల ఆగుమంటే సాలు."

"నువ్వే అడగకపోయావా?"

"నేనడిగితే తప్పయితది. మీరడిగితే మాటయితది. పట్నం పంతులు, దొర జర ఇంటడు."

"ఇంతేనా? నేను చెబుతాను" అన్నాను. ఆ మాట అన్నందుకు దారంతా నా మీద నాకే ముచ్చటేసింది. గడి కనపడగానే ఎల్లయ్య చెప్పులు విడిచి చంకలో పెట్టుకున్నాడు. నేనూ విడిచాను, కాలు నొప్పి పుట్టినట్టు వంగి.

గడిలో

ఆ ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఎల్లయ్యకే కష్టమని చెప్పుకుంటున్నాను. అసలు కారణం నా భయం.

దొర మర్యాదగానే మాట్లాడాడు. మాంసం కూర, సన్నబియ్యం పెట్టించాడు. కొత్త చాప వేయించాడు. నాకు శ్లోకాలు వచ్చా అని అడిగి రెండు చెప్పించుకున్నాడు. అప్పుడే ఎల్లయ్య మాట ఎత్తవచ్చు. భోజనం మధ్య బాగుండదనుకున్నాను. భోజనం అయ్యాక ఆయన కునుకు తీశాడు. లేచాక చుట్టాలు వచ్చారు. చెప్పడానికి మంచి సమయం కోసం చూసేవాడికి అది ఎప్పుడూ దొరకదని నాకు ఇప్పుడు తెలుసు.

పొద్దు గూకాక గడి ముంగిట తెర కట్టాం. ఎల్లయ్యే నీళ్ళు తెచ్చి తడిపాడు. దొర కుర్చీలో, చుట్టాలు తివాచీ మీద, ఊరి పెద్దలు నేల మీద. గూడెంవాళ్ళు తెర వెనక. తడిపి పోతూ ఎల్లయ్య నాకేసి కనుబొమలు ఎగరేశాడు, 'చెప్పారా' అని. 'చెబుతాలే' అన్నట్టు తలూపాను.

ముందు కూర్చున్నవాళ్ళు దొర నవ్వినప్పుడు నవ్వారు, ఆగినప్పుడు ఆగారు. పొట్టివాడు తన్నులు తింటుంటే దొర బాగానే నవ్వాడు. చివరికి మీసాలవాడు తెల్లబట్టలతో వచ్చాడు. "ఇదిగో దొంగల నాయకుడు!" అన్నాను. తొట్టిలో పడ్డాడు. దొర నవ్వలేదు. అప్పుడు తెర వెనక దగ్గులా మొదలై కూతలా సాగింది ఆ నవ్వు.

"పడ్డడు! దొర పడ్డడు!" అని గొంతు.

కాసిం సాబు మిషను ఆపేశాడు.

దొర లేవలేదు, గొంతు కూడా పెంచలేదు. "ఎవడు వాడు?" అన్నాడు. తెర వెనక ఉన్న అంతమందికీ ఆ నవ్వు ఎవరిదో తెలుసు. ఒక్కరూ పలకలేదు. దొర నావైపు తిరిగాడు. "పంతులూ, నువ్వు దొంగ అంటివి. వాడు దొర అంటుండు. వానికి గట్ల ఎవలు జెప్పిన్రు?"

నేనే చెప్పానని అనాలి. అంటే ఏమయ్యేదో ఇప్పటికీ తెలియదు. ఏమీ కాకపోయేదేమో, రెండు శ్లోకాలు చెప్పినవాణ్ణి.

"నాకు తెలియదండీ" అన్నాను. అక్కడితో ఆగితే అబద్ధం ఒక్కటే అయ్యేది. నోరు ఆగలేదు. "గొంతు మాత్రం పెట్టె మోసిన ఎల్లయ్యలా ఉంది."

పశువుల తొట్టి

తెల్లవారి దొర సంతోషంగా ఉన్నాడు. కోప్పడతాడని ఎదురుచూసిన నాకు ఆ సంతోషం చూసి ధైర్యం వచ్చింది. చుట్టాలకు కల్లు, వేయించిన పల్లీలు వచ్చాయి. పశువుల కొట్టం ముందు కుడితి పోసే రాతి తొట్టి ఉంది. దాని పక్కన ఎల్లయ్య నిలబడి ఉన్నాడు. నెత్తిన దొర పాత టోపీ, భుజాన గుర్రపు జీను.

"దొర పడ్డడంటివి గదరా. ఇప్పుడు నువ్వు దొరవు. పడు" అన్నాడు దొర. తరువాత నాకేసి చూసి, "నువ్వు కథ జెప్పు పంతులూ. రాత్రి ఎట్ల జెప్పినవో గట్లనే" అన్నాడు.

నేను చెప్పాను. "ఇదిగో వస్తున్నాడు, పెళ్ళికి పోతున్నాడు, మీసం దువ్వాడు, అడుగో జారాడు!" ఎల్లయ్య కుడితిలో పడ్డాడు. చుట్టాలు నవ్వారు. లేపి మళ్ళీ పడమన్నారు. నేను దారిలో చేసి చూపించానే, ఆ తూలడం, ఆ చేతులు గాలిలో కొట్టుకోవడం, అన్నీ ఉన్నదున్నట్టు చేశాడు. మూడోసారి అతని మోచెయ్యి రాతి అంచుకు కొట్టుకుని టక్కుమని వినపడింది. టోపీ ముఖం మీదికి జారి, అతను గుడ్డిగా చేతులు చాపి తొట్టిలోనే చుట్టూ తిరిగాడు. అప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఎవరికోసమో నవ్వలేదు, నిజంగానే వచ్చింది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

గడి తలుపు దగ్గర చీర కొంగు కింద పసివాణ్ణి పట్టుకుని ఒకామె నిలబడి చూస్తోంది. ఆమె లచ్చమ్మ అని ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను అటు చూడకుండా నాలుగోసారి కూడా చెప్పాను.

దొర కళ్ళు తుడుచుకుంటూ, "బాగ జెప్పినవయ్యా. కడుపు నొయ్యబట్టె. ఏం గావాల్నో అడుగు" అన్నాడు.

ఇంతకన్నా మంచి సమయం ఉండదు. అడగమని ఆయనే అన్నాడు. లచ్చమ్మ పది బారల దూరంలో ఉంది. ఎల్లయ్య తొట్టిలోంచి దిగుతూ ఆగి నావైపు చూశాడు. ఒక్క మాట, 'ఒక నెల' అనాలి. ఆ మాట అంటే నాకూ వాడికీ దారిలో ఏదో మాట జరిగిందని, 'దొర' అన్న మాట నేనే చెప్పానని తెలిసిపోతుందేమో అనిపించింది.

"సెలవిప్పించండి, అదే చాలు" అన్నాను, గొంతు తగ్గించి. దొర నవ్వి ఒక జరీ కండువా కప్పించాడు.

మోత్కూర్ పొలిమేర

మళ్ళీ మిషను పెట్టె ఎల్లయ్య నెత్తినే. బట్టలు ఆరలేదు, కుడితి వాసన పోలేదు, కుడి మోచెయ్యి ఉబ్బింది. పెట్టె నేను కాసేపు మోస్తానన్నాను. "వద్దయ్యా, ఎవలన్న జూస్తె మల్ల నాకే" అన్నాడు. కండువా తీసి ఇవ్వబోయాను. దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. నిన్నటి దారి మాటలతో గడిచిపోయింది, ఇవ్వాళ్టిది చాలా పొడుగైంది. కాసిం సాబు నాకు పది అడుగుల ముందే నడిచాడు.

పొలిమేర రాయి దగ్గర మోత్కూర్ మనుషులు పెట్టె దించుకున్నారు. ఎల్లయ్య తల బట్ట విప్పుకుని ముఖం తుడుచుకున్నాడు. నేను తిట్టు కోసం నిలబడ్డాను. అతను దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"మంచిగ పడ్డనా అయ్యా?"

నేను కండువా మడతలు సర్దుకున్నాను.

"దొర ఖుషీ ఐతేనే గద మీ మాట ఇంటడని, పానం బెట్టి పడ్డ. ఏం గావాలె అడుగు అనె గద. నీళ్ళు చెవులల్ల వోయి మీరేమన్నరో నాకు ఇనరాలె. చెప్పిన్రా అయ్యా? ఒక నెల?"

అతని ముఖంలో అనుమానం లేదు. నేను రాత్రి పేరు చెప్పానని తెర వెనక వినపడే ఉంటుంది, నా గొంతు అలాంటిది. అది కూడా తీసి పక్కన పెట్టి, ఈ ఒక్కటే అడుగుతున్నాడు.

"చెప్పాను" అన్నాను.

"ఒప్పుకున్నడా?"

"ఒప్పుకున్నాడు."

ఎల్లయ్య వంగి నా కాళ్ళు ముట్టుకోబోయాడు. నేను వెనక్కి జరిగాను. "నీ బాంచెన్" అన్నాడు. జడ్చర్లనుంచి నేను డేరాలు ఎగరగొట్టిన మాట. అతని నోట అది మామూలు మాట, దండం పెట్టుకున్నంత మామూలుగా వచ్చింది. "రేపు గడికి పోవద్దని జెప్త లచ్చమ్మకు" అని, ఉబ్బిన చెయ్యి పొట్టకు ఆనించుకుని ఊరివైపు తిరిగాడు. కొంత దూరం నడిచి, తరువాత పరుగెత్తాడు.

రేపు లచ్చమ్మ గడికి పోదు. పిలిచినా రాలేదని గడి మనుషులు ఇంటికి వస్తారు. దొర సెలవిచ్చాడని ఎల్లయ్య చెబుతాడు. ఆ తరువాత ఏమవుతుందో ఆ తొట్టి చూసినవాడికి వేరే చెప్పాలా?

కాసిం సాబు నా భుజం పట్టుకున్నాడు. పొద్దున తొట్టి దగ్గర ఆయన నా వెనకే నిలబడి అంతా విన్నాడు. "పిలువు పంతులూ. ఇంకా ఇనొస్తది" అన్నాడు. నేను కదలకపోతే ఆయనే రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. తుస్సుమని గాలి వచ్చింది, దగ్గు వచ్చింది. నాలుగడుగులు పరుగెత్తి, రొప్పుతూ ఆగిపోయి నన్ను చూశాడు. ఎల్లయ్య అప్పటికి జొన్నచేల మధ్య ఉన్నాడు. సంతలో ఆఖరి వరుస దాకా వినపడే గొంతు నాది. ఒక్క కేక చాలు. కాని అతను వెనక్కి వస్తే, 'నేను అబద్ధం చెప్పాను' అని ఆ ముఖం చూసి చెప్పాలి.

పిలవలేదు.

ఆ సాయంత్రం మోత్కూర్‌లో జనం విరగబడి వచ్చారు. అన్ని ఊళ్ళలోకీ అక్కడే నా గొంతు బాగా పలికిందని అందరూ అన్నారు.